నౌపడలో దిగి బండి మారాలి: కంపైలర్‌కి గమ్యం చెప్పడం గురించి

(పర్లాకిమిడిలో తెలుగు విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. తెల్లవారకముందే గుణుపురం నుంచి, రాయగడ నుంచి బయల్దేరి వచ్చినవాళ్ళున్నారు. పాతపట్నం వైపు నుంచి వచ్చినవాళ్ళూ కనిపిస్తున్నారు. బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు, ఇదీ మన చదువు. అందుకే ఇవాళ ఈ విషయం ఇంటి మాటల్లోనే చెప్తానని ముందే అడిగి ఒప్పించుకున్నాను. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిది. మనం మాట్లాడే భాషలోనే చదువు ఉండాలని ఆయన జీవితమంతా పోరాడారు. సవర పిల్లల కోసం ముందు తాను సవర నేర్చుకున్నారు. ఆ ఊళ్ళో నిలబడి కంపైలర్ గురించి, అంటే మనం రాసిన ప్రోగ్రాంని మెషీన్ కోడ్‌గా మార్చే సాధనం గురించి, తెలుగులో చెప్పలేకపోతే నా చదువుకి అర్థం లేదు.

ఆ పక్క బల్లమీద ల్యాప్‌టాప్ ఫ్యాను మోత వినిపిస్తోంది కదా. సభ మొదలుకాకముందే జీసీసీ అనే కంపైలర్ సోర్సు కోడ్ విప్పి, దాన్ని బిల్డ్ చెయ్యమని, అంటే తయారుచెయ్యమని, పెట్టి వచ్చాను. తయారయ్యే కంపైలర్ ఆ ల్యాప్‌టాప్ మీదే నడుస్తుంది. అది పుట్టించే ప్రోగ్రాములు మాత్రం అక్కడ నడవవు. అవి రిస్క్-ఫైవ్ అనే వేరే రకం ప్రాసెసర్ మీద, లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కింద నడవాల్సినవి. నేను ముగించేలోపు అది కూడా ముగిస్తుందని ఆశ.

మీలో కాస్త పెద్దవాళ్ళకి మన చిన్న బండి గుర్తుండాలి. 1900లో మహారాజావారు వేయించిన లైను అది, నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా. 1931 నాటికి గుణుపురం చేరింది. పట్టాల మధ్య దూరం రెండడుగుల ఆరంగుళాలు. నౌపడలో మెయిన్ లైనుది అయిదడుగుల ఆరంగుళాలు. మా అమ్మ, నేను విశాఖపట్నం వెళ్ళాలంటే నౌపడలో దిగాలి, సామాను మోసుకుని అవతలి ప్లాట్‌ఫారం మీదికి పోవాలి. మనుషులం కనక దిగి ఎక్కేవాళ్ళం. బియ్యం బస్తాలని కూలీలు ఒక్కొక్కటే దించి, ఇంకో వ్యాగన్‌లోకి ఎక్కించేవాళ్ళు. వ్యాగన్ మాత్రం ఆ పట్టా దాటి ఈ పట్టా ఎక్కదు. 2004లో చిన్న లైను ఆపేశారు, పెద్దది వేశారు, ఇప్పుడు గుణుపురం దాకా దిగకుండా పోతున్నాం.

ఆ రోజుల్లో ఆవిరి ఇంజన్లు ఇంగ్లండ్‌లో తయారై వచ్చేవి. అక్కడి రైలు పట్టాల వెడల్పు నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. అంటే మన ఇంజన్‌ని తయారుచేసినవాడు, తన ఊరి పట్టాల మీద కాలు కూడా పెట్టలేని ఇంజన్‌ని తయారుచేశాడు. మొదటి కొలత తీసుకునే ముందే అది ఏ పట్టా మీద నడవాలో ఆయనకి ఎవరో చెప్పి ఉండాలి. చెప్పకపోతే? చేతికి అలవాటైన కొలతే వేస్తాడు. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదే. కంపైలర్‌కి ఎవరూ చెప్పకపోతే, తాను కూర్చున్న ఇంటి కొలతే వేస్తుంది. పైగా తప్పు జరిగిందని మీకు వెంటనే తెలియదు.

జీసీసీలో దీనికి మూడు మాటలున్నాయి: బిల్డ్, హోస్ట్, టార్గెట్. కంపైలర్‌ని తయారుచేసే మెషీన్ బిల్డ్. ఆ కంపైలర్ నడిచే మెషీన్ హోస్ట్. అది పుట్టించిన ప్రోగ్రాం నడిచే మెషీన్ టార్గెట్. నా ల్యాప్‌టాప్‌లో ఇప్పుడు బిల్డ్, హోస్ట్ రెండూ ఒకటే, టార్గెట్ వేరు. ఒక్క జాగ్రత్త. కంపైలర్ కాకుండా మామూలు లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్ మూట) ఏదైనా కాన్ఫిగర్ చేస్తున్నప్పుడు, అంటే బిల్డ్‌కి ముందు అమర్చేటప్పుడు, టార్గెట్ అన్న మాటకి పనే లేదు. లైబ్రరీ తాను కోడ్ పుట్టించదు కదా. అక్కడ రిస్క్-ఫైవ్ అని చెప్పాల్సింది హోస్ట్ దగ్గర. నేను చూసిన పిల్లల్లో ఎక్కువమంది తడబడింది ఇక్కడే.

ఈ గమ్యాన్ని ఒక పేరుగా రాస్తారు. మొదట ప్రాసెసర్, తర్వాత తయారీదారు, ఆ తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్, మధ్యలో అడ్డగీతలు. నేను ఇచ్చిన పేరు రిస్క్‌ఫైవ్64-అన్‌నోన్-లినక్స్-గ్నూ. తయారీదారు దగ్గర అన్‌నోన్ అని ఉంటే కంగారుపడకండి, ఆ గది చాలాసార్లు ఖాళీయే. అసలు బరువంతా మొదటి మాట మీద, చివరి మాటల మీద ఉంటుంది.

చివరి మాట ఎందుకు, ప్రాసెసర్ చెప్తే చాలదా అని అడగొచ్చు. ఒకే ప్రాసెసర్ తీసుకోండి, అరవైనాలుగు బిట్ల ఎక్స్86. నడిచే ప్రోగ్రాంని ఫైల్లో అమర్చే పద్ధతి కూడా ఒకటే తీసుకోండి, ఎల్ఫ్ ఫార్మాట్. ఒక పక్క లినక్స్, ఇంకో పక్క ఫ్రీబీఎస్‌డీ. రెండూ యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ వంశమే. తెర మీద ఒక అక్షరం రాయాలంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌ని రైట్ అనే సిస్టమ్ కాల్‌తో, అంటే ఒక నంబరున్న పిలుపుతో, పిలవాలి. లినక్స్‌లో దాని నంబరు 1. ఫ్రీబీఎస్‌డీలో 4. తప్పు జరిగితే లినక్స్ ఆ నంబరు పెట్టిన రిజిస్టర్లోనే (ప్రాసెసర్ లోపలి చిన్న అర అది) రుణ సంఖ్య వెనక్కి పంపుతుంది. ఫ్రీబీఎస్‌డీ అయితే క్యారీ ఫ్లాగ్ అనే ఒక బిట్‌ని లేపుతుంది. ప్రాసెసర్‌కి ఈ తేడాలతో సంబంధం లేదు, ఏ నంబరు పెట్టినా కెర్నల్‌కి అప్పజెప్తుంది. పట్టా ఒకటే అయినా సిగ్నల్ జెండాలు వేరన్నమాట. పట్టా ఒకటే అయినా సిగ్నల్ జెండాలు వేరన్నమాట.

ఇదంతా కొత్త తలనొప్పి అనుకోకండి. యూనిక్స్ పుట్టుకే ఇలా జరిగింది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ చేతికి పీడీపీ-7 అనే చిన్న మెషీన్ దొరికింది. పద్దెనిమిది బిట్ల గళ్ళు (వర్డ్‌లు) ఎనిమిది వేలు, అంతే దాని మెమరీ. దాని మీద కూర్చుని దానికి ప్రోగ్రాం రాసుకునే సాధనాలు అప్పటికి లేవు. కాబట్టి పక్కనున్న జీఈ 635 అనే పెద్ద మెషీన్ మీద, వేరే ఆపరేటింగ్ సిస్టమ్ కింద, పీడీపీ-7 కోడ్‌ని అసెంబుల్ చేసి, అంటే మెషీన్ అంకెలుగా మార్చి, కాగితపు టేపు మీద చిల్లులుగా తీసి, ఆ టేపుని మోసుకెళ్ళి చిన్న మెషీన్‌లో పెట్టేవారు. కెర్నల్, ఎడిటర్, అసెంబ్లర్, షెల్ తయారయ్యాక గానీ ఆ చిన్న మెషీన్ తన కాళ్ళ మీద తాను నిలబడలేదు. నౌపడలో బస్తాలు మార్చినట్టే టేపులు మార్చారు. 1973లో ఆ కెర్నల్‌ని సీ భాషలో తిరగరాశారు. మెషీన్ మారినప్పుడల్లా అంతా మళ్ళీ రాసుకునే బాధ అప్పటినుంచి తగ్గింది. తగ్గిన బాధలో చాలా భాగం కంపైలర్ భుజానికి ఎక్కింది.

ఇక పనిలోకి దిగుదాం. మీరే సొంతంగా ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నారనుకోండి. దాని పేరు మహేంద్ర అని పెడదాం, కిటికీలోంచి చూస్తే కనిపించే కొండ పేరు. జీసీసీకి ఆ పేరు తెలియదు. ఎలా నేర్పాలి?

మొదట కాన్ఫిగ్ డాట్ సబ్ అనే స్క్రిప్టు. మనం పొట్టిగా చెప్పిన పేరుని అది నిండు పేరుగా మారుస్తుంది. రిస్క్‌ఫైవ్64-లినక్స్ అంటే మధ్యలో అన్‌నోన్, చివర గ్నూ చేర్చి ఇస్తుంది. మహేంద్ర అన్నారా, ఈ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) ఎవరో నాకు తెలియదని అక్కడే ఆపేస్తుంది. అందులో తెలిసిన ఓఎస్‌ల జాబితా ఉంటుంది, మన పేరు అక్కడ చేర్చాలి. తర్వాత బిన్‌యుటిల్స్. అసెంబ్లర్, ముక్కలన్నీ కలిపి ఒక ప్రోగ్రాం చేసే లింకర్ ఉండే మూట అది. దాంట్లో మూడు నాలుగు చోట్ల, మహేంద్ర కూడా ఎల్ఫ్ ఫైళ్ళే వాడుతుందని ఒక్కొక్క వరుస రాయాలి. ఇదంతా గంటలో అయిపోయే పని.

జీసీసీ దగ్గరికొస్తే కాన్ఫిగ్ డాట్ జీసీసీ అనే పెద్ద ఫైలుంది. అందులో మన ఓఎస్‌కి ఒక కేసు రాసి, మహేంద్ర డాట్ హెచ్ అనే కొత్త హెడర్ ఫైలుని (ముందే చెప్పాల్సిన వివరాలు రాసే ఫైలు) చూడమంటాం. ఆ హెడర్ యాభై వరుసలు దాటదు. కానీ ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఇష్టమైన ఫైలు అదే. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ గురించి కంపైలర్‌కి ఏమేం తెలియాలో అక్కడ కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది.

అందులో మొదటి సంగతి, ముందే నిర్వచించి పెట్టే మాక్రోలు, అంటే ఒక పేరు కనిపిస్తే దాని బదులు ఇంకోటి పెట్టమనే నిర్వచనాలు. ప్రపంచంలో ఉన్న సీ ప్రోగ్రాములు చాలా వరకు, నేను యూనిక్స్ మీద ఉన్నానా అని అడిగి చూసుకుంటాయి. రెండు అండర్‌స్కోర్లు, యూనిక్స్, మళ్ళీ రెండు అండర్‌స్కోర్లు. ఆ మాటకి మీ కంపైలర్ అవును అనాలా వద్దా అన్నది మీ నిర్ణయం. అన్నారంటే యూనిక్స్‌లో ఉండే ఫోర్క్ ఉంది, పైపులు ఉన్నాయి, ఫైల్ డిస్క్రిప్టర్లు ఉన్నాయి అని మాటిచ్చినట్టే. ఈ పూట ఇంటికెళ్ళి ఒకటి చేసి చూడండి. లినక్స్ మీద సీ ప్రోగ్రాంలో ఒక వేరియబుల్‌కి చిన్నక్షరాల్లో లినక్స్ అని పేరు పెట్టి, ఆప్షన్లేమీ ఇవ్వకుండా జీసీసీతో కంపైల్ చెయ్యండి. అంకెకి ముందు పేరు ఉండాలంటూ ఎర్రర్ వస్తుంది. మీరు అంకె రాయనేలేదు! అండర్‌స్కోర్లు లేని లినక్స్ అనే మాటని కూడా పాత అలవాటు కొద్దీ జీసీసీ 1 అని నిర్వచించి ఉంచింది. మీ వేరియబుల్ పేరు కాస్తా 1 అయిపోయింది. డ్యాష్ ఎస్‌టీడీ ఈక్వల్స్ సీ99 అని, అంటే సీ భాష 1999 ప్రమాణమే పాటించమని, ఇస్తే ఆ ఎర్రర్ పోతుంది. మీరు ఏమీ చెప్పకపోయినా కంపైలర్ ఎంత అనుకుని కూర్చుంటుందో చూడటానికి ఇంతకంటే చిన్న ఉదాహరణ నాకు దొరకలేదు.

రెండో సంగతి, ప్రోగ్రాంకి ముందూ వెనకా ఏం అతికించాలన్నది. ప్రోగ్రాం మెయిన్ దగ్గర మొదలవుతుందని మొదటి సంవత్సరంలో చెప్తారు. కాదు. స్టార్ట్ అనే చిన్న అసెంబ్లీ ముక్క దగ్గర మొదలవుతుంది. సీఆర్‌టీ-జీరో అనే ఫైల్లో ఉంటుంది అది. స్టాక్ మీద, అంటే ప్రోగ్రాం తాత్కాలిక లెక్కలు పేర్చుకునే మెమరీలో, కెర్నల్ వదిలిపెట్టిన ఆర్గ్యుమెంట్లని (ప్రోగ్రాంకి ఇచ్చిన మాటలని) అది ఏరుకుని మెయిన్‌ని పిలుస్తుంది. మెయిన్ తిరిగొచ్చాక ఎగ్జిట్‌ని పిలుస్తుంది. ఏ ఫైలుని ముందు పెట్టాలి, ఏది చివర పెట్టాలి, సీ లైబ్రరీ పేరేమిటి అన్నవి మహేంద్ర డాట్ హెచ్‌లో రాస్తాం.

ఇక్కడికొచ్చేసరికి చెట్టు ముందా విత్తు ముందా అన్న చిక్కు పడుతుంది. పూర్తి కంపైలర్ తయారవ్వాలంటే టార్గెట్‌ది సీ లైబ్రరీ ఉండాలి. సీ లైబ్రరీని కంపైల్ చెయ్యాలంటే కంపైలర్ ఉండాలి. దీనికి మార్గం మెట్లు మెట్లుగా ఎక్కడం. ముందు బిన్‌యుటిల్స్, దాన్ని పాత్‌లో, అంటే ప్రోగ్రాముల కోసం సిస్టమ్ వెతికే ఫోల్డర్లలో, పెట్టుకోవడం. తర్వాత హెడర్లు లేవు, లైబ్రరీ లేదు అని ఒప్పుకుని ఒక బోసి కంపైలర్. దాంతో సీ లైబ్రరీ. ఆ లైబ్రరీతో మళ్ళీ అసలు కంపైలర్. నిన్న రాత్రి నేను మొదటి మూడు మెట్లు ఎక్కి పడుకున్నాను. అక్కడ మోత పెడుతున్నది నాలుగోది. మీ సొంత ఓఎస్‌కి అయితే పెద్ద లైబ్రరీల జోలికి పోవద్దు, న్యూలిబ్ అనే చిన్న సీ లైబ్రరీ తీసుకోండి. కెర్నల్ నుంచి అది అడిగేవి ఓపెన్, రీడ్, రైట్, ఎస్‌బ్రేక్ లాంటివి ఇరవైకి లోపే.

లైబ్రరీ, హెడర్లు పెట్టే చోటుని సిస్‌రూట్ అంటారు. మామూలు ఫోల్డరే, లోపల మాత్రం టార్గెట్ మెషీన్ రూట్ (అన్నిటికంటే పై ఫోల్డర్) ఎలా ఉంటుందో అలాగే అమర్చాలి. కంపైలర్ ఆ ఫోల్డర్ దాటి బయటికి చూడకూడదు. మీ ల్యాప్‌టాప్ హెడర్లలోంచి ఒక్కటి జారి లోపలికొచ్చినా, కంపైల్ సుబ్బరంగా అవుతుంది, నడిచేటప్పుడు కూలుతుంది.

కూలడం అంటే నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో రాత్రిళ్ళు కూర్చుని ఎక్స్86 మీద చిన్న కెర్నల్ రాస్తుండేవాణ్ణి. టైమర్ని, అంటే ప్రాసెసర్‌ని మాటిమాటికీ ఆపి పిలిచే గడియారాన్ని, ఆపి ఉంచితే రాత్రంతా చక్కగా నడిచేది. టైమర్ వేస్తే అయిదు నిమిషాలో, గంటో, ఉన్నట్టుండి ఒక లూప్‌లో లెక్క మారిపోయేది. ఏడు ఉండాల్సిన చోట ఏదో అడ్రస్ ముక్క ఉండేది. నా కోడ్ మూడు వారాలు వెతికాను. కాగితం మీద అచ్చు తీసి, పక్కన పెన్సిల్‌తో స్టాక్ బొమ్మ గీసుకుని చదివాను. తప్పు లేదు. చివరికి ఆబ్జ్‌డంప్ అనే సాధనంతో కంపైలర్ రాసిన అసెంబ్లీ విప్పి చూశాను. ఆ ఫంక్షన్ స్టాక్ పాయింటర్‌ని, అంటే స్టాక్ ఎక్కడిదాకా నిండిందో చూపే రిజిస్టర్ని, కదపనేలేదు. పాయింటర్‌కి ఇరవైనాలుగు బైట్ల కింద, తన లెక్కని రాసుకుంటోంది.

అది రెడ్ జోన్. అరవైనాలుగు బిట్ల ఎక్స్86కి సిస్టమ్ ఫైవ్ ఒప్పందంలో (ఫంక్షన్లు రిజిస్టర్లని, స్టాక్‌ని ఎలా వాడాలన్న నియమాలవి), స్టాక్ పాయింటర్ కింద 128 బైట్లు ఎవరూ ముట్టుకోరని మాట ఉంది. ఇంకో ఫంక్షన్‌ని పిలవని చిన్న ఫంక్షన్, పాయింటర్ జరిపే శ్రమ లేకుండా ఆ జాగాని వాడుకోవచ్చు. మామూలు ప్రోగ్రాంకి అది సురక్షితమే. ఎందుకంటే ఇంటరప్ట్ వస్తే, అంటే టైమర్ లాంటిది మధ్యలో పిలిస్తే, ప్రాసెసర్ కెర్నల్ స్టాక్‌కి మారిపోతుంది. ప్రోగ్రాంకి సిగ్నల్ (మధ్యలో ఇచ్చే కబురు) పంపేటప్పుడు లినక్స్ ఆ 128 బైట్లు వదిలేసి కిందికి పోతుంది. కానీ నేను రాస్తున్నదే కెర్నల్. నా కోడ్ నడుస్తుండగా టైమర్ కొడితే ప్రాసెసర్ అదే స్టాక్ మీద, అదే పాయింటర్ కింద, అయిదు రిజిస్టర్లు, నలభై బైట్లు పరిచేస్తుంది. నా ఏడు ఆ నలభైలో మునిగిపోయింది.

కంపైలర్ తప్పు చెయ్యలేదు. కెర్నల్ రాస్తున్నానన్న సంగతి దానికి నేను చెప్పలేదు. డ్యాష్ ఎం నో రెడ్ జోన్ అని ఒక్క మాట. ఆ రాత్రి చెప్పాను, కూలడం తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇంకో నాలుగు రోజులు పట్టింది తెలియడానికి. జీసీసీతో పాటు వచ్చే లిబ్‌జీసీసీ అనే సహాయక లైబ్రరీ కూడా నా కెర్నల్లో కలుస్తోంది, అది రెడ్ జోన్‌తోనే తయారై ఉంది. దాన్ని కూడా అదే ఆప్షన్‌తో మళ్ళీ తయారుచేస్తే గానీ బాధ వదల్లేదు. రిస్క్-ఫైవ్ వాడే పిల్లలకి ఈ బెడద లేదు, ఆ ఒప్పందంలో రెడ్ జోన్ లేదు.

పోయిన ఏడాది బరంపురం నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, ఫైలు ఉంది, ఎల్ఎస్ కొడితే కనిపిస్తోంది, రన్ చేస్తే అలాంటి ఫైలే లేదంటోంది" అన్నాడు. గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ. ఎక్కడ కంపైల్ చేశావు అంటే ఉబుంటు అన్నాడు. ఎక్కడ నడుపుతున్నావు అంటే ఆల్పైన్ అన్నాడు. రెండూ లినక్స్ రకాలే. ఎల్ఫ్ ఫైలు లోపల ఏముందో చూపే రీడ్‌ఎల్ఫ్ డ్యాష్ ఎల్ కొట్టి, ఇంటర్‌ప్రెటర్ అన్న వరుస చదవమన్నాను. లిబ్64 కింద ఎల్‌డీ-లినక్స్ అంటూ చదివాడు. ఆ ఫైలు ఉందేమో చూడరా అన్నాను. కాసేపు నిశ్శబ్దం. "లేదన్నా."

లేనిది ఆ ఫైలు, వాడి ప్రోగ్రాం కాదు. ప్రోగ్రాంని మెమరీలోకి ఎత్తి లైబ్రరీలతో కలిపే డైనమిక్ లింకర్ దారి, కంపైల్ చేసినప్పుడే ఎల్ఫ్ ఫైల్లో అచ్చయిపోతుంది. ఉబుంటులో ఉన్న సీ లైబ్రరీ గ్లిబ్‌సీ, ఆల్పైన్‌లో మసల్. మసల్ లింకర్ పేరు ఎల్‌డీ-మసల్, ఉండే చోటు వేరు. ప్రాసెసర్ ఒకటే, కెర్నల్ ఒకటే. గమ్యం పేరులో చివరి మాట గ్నూ కాదు, మసల్ కావాలి, అంతే తేడా. కెర్నల్ ఎర్రర్లో ఏ ఫైలు లేదో చెప్పదు. మనం మన ప్రోగ్రామే లేదనుకుంటాం.

అవునమ్మా, అడుగు. మైకు అందించండి. "క్లాంగ్‌లో టార్గెట్ అని ఒక్క ఆప్షన్ ఇస్తే చాలంటారు కదా సార్, ఇదంతా ఎందుకు?" మంచి ప్రశ్న. క్లాంగ్ అంటే ఇంకో కంపైలర్. నిజమే, జీసీసీని ఒక్కొక్క గమ్యానికి ఒక్కోసారి తయారుచేసుకోవాలి. ఒకే క్లాంగ్ మటుకు చాలా ప్రాసెసర్లకి కోడ్ పుట్టించగలదు. ఎక్స్86 ల్యాప్‌టాప్ మీద రిస్క్-ఫైవ్ ఆబ్జెక్ట్ ఫైలు, అంటే ఇంకా లింక్ చెయ్యని కోడ్ ముక్క, ఇప్పుడే తీసి చూపించొచ్చు. కానీ లింక్ చెయ్యి చూద్దాం. సీఆర్‌టీ ఫైళ్ళు ఎక్కడివి? సీ లైబ్రరీ ఎక్కడిది? సిస్‌రూట్ ఎక్కడిది? అవి క్లాంగ్ తేలేదు, నువ్వే కూర్చాలి. సొంత ఓఎస్ అయితే, ఈ మెట్లన్నీ నడిపించే క్లాంగ్ డ్రైవర్లో కూడా, మహేంద్ర అంటే ఏం చెయ్యాలో సీ ప్లస్ ప్లస్‌లో ఒక క్లాసు రాయాలి. ఒక మెట్టు తగ్గుతుంది తల్లీ, మెట్లు పోవు. మొదటిసారి నేర్చుకునేవాళ్ళు జీసీసీ దారిలోనే ఒకసారి ఎక్కండి అని నా మాట. ఏ మెట్టు ఎందుకుందో కాలికి తెలుస్తుంది.

ఒక చిన్న సంగతి మర్చిపోయాను. జీసీసీ సోర్సు ఫోల్డర్లోనే నిలబడి కాన్ఫిగర్ నడపొద్దు. పక్కన వేరే ఫోల్డర్ చేసుకుని అక్కణ్ణించి నడపండి. కాన్ఫిగర్‌కి ఇచ్చిన ఆప్షన్లని ఒక ఫైల్లో రాసి ఉంచుకోండి, ఆరు నెలల తర్వాత మీకే కావాలి.

ఫ్యాను ఆగినట్టుంది. ఆ తెర మీదికి తిప్పండి. అయిపోయింది, ఎర్రర్ లేదు. ఇన్‌స్టాల్ కూడా చేద్దాం. ఇదిగో, నాలుగు వరుసల నమస్కారం ప్రోగ్రాం. మన కొత్త కంపైలర్‌తో కంపైల్ చేశాను. ల్యాప్‌టాప్ మీద నేరుగా నడుపుతున్నా చూడండి, ఎగ్జిక్ ఫార్మాట్ ఎర్రర్, అంటే ఈ ఫైలు ఇక్కడ నడవదని. ఇది రావాలనే కోరుకున్నాం. రీడ్‌ఎల్ఫ్ డ్యాష్ హెచ్. మెషీన్ అన్న వరుసలో ఏముంది? వెనక వాళ్ళకి కనిపిస్తోందా? రిస్క్-ఫైవ్. ఇప్పుడు వేరే ప్రాసెసర్‌లా నటించే క్యూఈఎంయూ అనే ప్రోగ్రాంకి సిస్‌రూట్ చూపించి, దాని కింద నడుపుదాం. ఎవరైనా ఒకరు ముందుకొచ్చి ఎంటర్ కొట్టండి.